రేవులో గడిచే రోజుల ఖరీదు

ప్రపంచ వాణిజ్యంలో 80 శాతానికి పైగా సరకు ఓడల మీదే కదులుతుంది. అభివృద్ధి చెందుతున్న దేశంలో ఓడరేవు మందకొడిగా పనిచేస్తే ఆ భారం ఎగుమతిదారుడి దగ్గరే ఆగదు. దిగుమతి చేసుకున్న బియ్యం ధరలోనూ, విడిభాగాల కోసం ఎదురుచూసే ఫ్యాక్టరీలోని కొలువుల్లోనూ కనిపిస్తుంది.

రేవు పనితీరుకు ముఖ్యమైన కొలతలు రెండు. ఓడ వచ్చి, సరకు దించి, ఎక్కించుకుని వెళ్లేందుకు పట్టే సమయం మొదటిది. దించిన కంటైనర్ గేటు దాటేదాకా యార్డులో పడి ఉండే సమయం రెండోది. మొదటిది పెరిగితే ఓడల కంపెనీలు చార్జీలు పెంచుతాయి, లేదా ఆ రేవుకు రావడం తగ్గిస్తాయి. రెండోది పెరిగితే ఫ్యాక్టరీలు అవసరానికి మించి ముడిసరుకు నిల్వ చేసుకుంటాయి. యంత్రాలు కొనాల్సిన డబ్బు గిడ్డంగిలో ఇరుక్కుపోతుంది, దానికి వడ్డీ అదనం. ఎన్ని రోజులు పడుతుందో ముందే తెలిస్తే కొంత సర్దుకోవచ్చు. అదీ తెలియకపోవడమే వ్యాపారాన్ని ఎక్కువగా దెబ్బతీస్తుంది.

ఆర్థికవేత్తలు హమ్మెల్స్, షౌర్ 2013లో ప్రచురించిన లెక్క ప్రకారం, రవాణాలో గడిచే ఒక్కో రోజూ సరకు విలువపై 0.6 నుంచి 2.1 శాతం సుంకం వేసినట్టే. ఈ సుంకం ఏ ప్రభుత్వ ఖజానాకూ చేరదు.

అయితే కొత్త క్రేన్లు కొంటే సరిపోతుందా? సబ్‌సహారా ఆఫ్రికా రేవులపై 2012లో ప్రపంచ బ్యాంకు వెలువరించిన అధ్యయనం ఈ నమ్మకాన్ని కదిలించింది. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌ను మినహాయిస్తే అక్కడ సరకు సగటున 20 రోజుల దాకా రేవులోనే ఉండిపోయేది. బెర్తుల కొరత ఒక్కటే కారణం కాదు. కొందరు దిగుమతిదారులు యార్డునే చవక గిడ్డంగిగా వాడుకున్నారు. జాప్యాన్ని తట్టుకోలేని చిన్న వ్యాపారులు రంగంలోకి రాలేకపోవడం పాతుకుపోయిన పెద్ద వ్యాపారులకు లాభమే. అలాంటప్పుడు సంస్కరణ కోరే గొంతు దేశంలోనే బలహీనపడుతుంది. ఉగాండా లాంటి తీరం లేని దేశాల పరిస్థితి మరీ కష్టం: పొరుగు దేశపు రేవులో జరిగే ఆలస్యాన్ని భరించాల్సిందే, దాన్ని సరిదిద్దే అధికారం మాత్రం వాటికి లేదు.

మొరాకో మరో దారి చూపింది. జిబ్రాల్టర్ జలసంధి తీరాన టాంజర్ మెడ్ రేవు 2007లో మొదలైంది. రేవుతో పాటే పారిశ్రామిక వాడలను, రోడ్డు, రైలు మార్గాలను కలిపి తీర్చిదిద్దారు. 2012లో టాంజియర్ సమీపంలో రెనో కార్ల ఫ్యాక్టరీ తెరుచుకుంది. ఫాస్ఫేట్లకు పేరుపడ్డ దేశానికి నేడు వాహనాలూ ప్రధాన ఎగుమతే. రేవు ఒక్కటే ఇంత పని చేయలేదు, కానీ అది లేకుండా ఆ ఫ్యాక్టరీ ఐరోపా మార్కెట్‌ను ఇంత సులువుగా అందుకోగలిగేది కాదు.

భారత ప్రధాన రేవుల్లో ఓడ సగటున గడిపే సమయం 2013-14లో నాలుగు రోజుల దగ్గర ఉండగా, 2023-24 నాటికి రెండు రోజులకు తగ్గింది. ప్రపంచ బ్యాంకు 2023 కంటైనర్ రేవుల సూచీలో విశాఖపట్నం మొదటి 20 స్థానాల్లో నిలిచింది. ఇది చిన్న విజయం కాదు. కానీ ఆ సూచీ లెక్కపెట్టేది ఓడ గడిపే సమయాన్నే. గోదావరి జిల్లాల చెరువుల నుంచి వచ్చిన రొయ్యల కంటైనర్ రోడ్డు మీదా, గేటు ముందూ గడిపే గంటలు అందులోకి రావు. ఎగుమతిదారుడికి అవీ ఖర్చే.