చిల్లిగవ్వ విలువెంత?

'చేతిలో చిల్లిగవ్వ లేదు' అంటాం. గవ్వే అల్పం, దానికి చిల్లు కూడా పడితే ఇక ఎందుకూ కొరగాదని ఆ మాటకు అర్థం. పల్నాడులో మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు సుగాలి తండాల్లో ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడి కుట్టుపనికి చిల్లు లేని గవ్వే పనికిరాదు. వీపు మీది పెంకు ఊడదీస్తేనే గవ్వలోంచి దారం దూరుతుంది.

గవ్వ ఒకప్పుడు అక్షరాలా డబ్బే. మాల్దీవుల నుంచి ఓడల్లో వచ్చేది. 18వ శతాబ్దం చివర బెంగాల్లో 4 గవ్వలు ఒక గండా, 20 గండాలు ఒక పణ్, 16 పణ్‌లు ఒక కహాన్, 4 కహాన్లు ఒక రూపాయి. గుణించి చూస్తే రూపాయికి 5,120 గవ్వలు. ఆ కాలంలో ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దక్కన్ అంతా తిరిగినవాళ్లు లంబాడీలు. మన వైపు సుగాలీలంటాం. 1791-92లో టిప్పు సుల్తాన్ మీదికి వెళ్లిన కారన్‌వాలిస్ సైన్యానికి తిండిగింజలు చేరవేసినవాళ్లలో వీళ్లు ముఖ్యులు. బాటలు, రైళ్లు వచ్చాక ఆ వర్తకం పోయింది. ఎద్దులకు కట్టే అలంకారాల్లోనూ, ఆడవాళ్ల బట్టల మీదా ఉన్న గవ్వ మాత్రం మిగిలింది. గవ్వ సిరికి గుర్తు, సంతానానికి గుర్తు, దిష్టికి అడ్డు అంటారు.

సుగాలి ఆడవాళ్ల ఒంటిమీది బట్టలు మూడు: పేటియా అనే కుచ్చుల లంగా, వెనక తాళ్లతో ముడివేసే కాంచళి, తలమీది టుక్రి. వీటితోపాటు వేసుకునే నగలు మనిషి సంగతి చెబుతాయి. కణతల దగ్గర జుట్టుకు అల్లుకుని వేలాడే ఘూగ్రీ, టోప్లి ఉంటే పెళ్లయినామె. జబ్బల దాకా వరసగా తొడిగే తెల్లని బళియాలు భర్త ఉన్నాడని చెబుతాయి. అతను పోతే అవి తీసేస్తారు. ఈ బళియాలు ఒకప్పుడు ఏనుగు దంతంవి, తర్వాత ఎముకవి, ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్‌వి. వస్తువు రెండుసార్లు మారినా తెలుపు మారలేదు, అర్థం మారలేదు. ఈ కళలో నన్ను అన్నిటికంటే కట్టిపడేసేది ఇదే.

ఇక బట్టల మీద కుట్టే అద్దం. పూసకు పుట్టుకతోనే రంధ్రం ఉంటుంది, గవ్వకు మనం పెడతాం. అద్దానికి అసలే ఉండదు. మరి గుడ్డమీద ఎలా నిలుస్తుంది? ముందు దాని మీదుగా రెండు దారాలు అడ్డంగా, రెండు నిలువుగా బిగిస్తారు. నాలుగూ కలిసి అద్దం నడుమ చిన్న చట్రంలా నిలుస్తాయి. ఆ తర్వాత సూదిని ఆ దారాల కిందుగా పోనిచ్చి, గుడ్డలో దించి, మళ్లీ పైకి లాగుతూ చుట్టూ కుట్టుకుంటూ పోతారు. కుట్టు కుట్టుకీ నడిమి చట్రం అంచులకు జరుగుతుంది. చివరికి అద్దం చుట్టూ దారపు గట్టు ఒకటి లేస్తుంది. ఒక్కో అద్దానికి 5 నిమిషాలు అనుకుందాం. 300 అద్దాలకు 25 గంటలు. రోజుకు 8 గంటల లెక్కన 3 పనిదినాలు దాటతాయి. గవ్వలు, పూసలు, అంచు కుట్టు ఇంకా మొదలే కాలేదు. అదే 3 రోజులు మిరపకోతకు వెళితే కూలి చేతికొస్తుంది. పల్నాడు తండాల్లో సూది పక్కన పెట్టడానికి ఈ ఒక్క లెక్క చాలు.

పూసల పనిలో ప్రపంచమంతా పేరున్న మెక్సికో హుయిచోల్‌ల దగ్గరా లెక్క ఇంతే కఠినం. తమను తాము విషారికాలని పిలుచుకునే ఈ ఆదివాసులు మైనం, జిగురు పూసిన చెక్క మీద, సొరకాయ బుర్ర గిన్నె మీద పూసలను ఒక్కొక్కటిగా అద్దుతారు. జింక, మొక్కజొన్న, పెయోటే అనే జెముడు వాళ్లకు పవిత్రమైనవి. ఆ గిన్నెలు దేవతలకు నైవేద్యాలు. 2010లో రెండు కుటుంబాలకు చెందిన 8 మంది ఒక పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారును పూసలతో కప్పేశారు. పూసలు 20 లక్షలకు పైనే, పట్టిన పని 9 వేల గంటలకు పైనే. భాగించి చూస్తే నిమిషానికి సుమారు 4 పూసలు. వాళ్ల తీర్థయాత్ర దారికి 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. వాళ్ల పూస దేవుడి ముందుకు పోతుంది, సుగాలి గవ్వ మనిషి ఒంటిమీద తిరుగుతుంది. తేడా అక్కడే.

మనకు దగ్గర్లో, కర్ణాటకలోని సండూరులో లంబాడీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. 2023 జులైలో హంపిలో జీ20 సమావేశాల సందర్భంగా 450 మందికి పైగా లంబాడీ మహిళలు కుట్టిన 1,755 వస్తువులను ఒక్కచోట పరిచి గిన్నిస్ రికార్డు సాధించారు. సంఘంగా చేరడం, కొనేవాళ్లను వెతుక్కోవడం వల్ల అక్కడ సూదికి కూలి దక్కింది. పల్నాడు తండాల్లో అలాంటి ఏర్పాటు జరగాలని గట్టిగా కోరుకుంటాను. ఎవరైనా కొనబోతే మాత్రం గుడ్డను తిరగేసి చూడాలి. మిషన్ కుట్టు వెనకవైపు ఒకే తీరుగా ఉంటుంది. చేతికుట్టులో ముడులు, దారం ఒకచోటి నుంచి ఇంకోచోటికి దాటిన జాడలు కనిపిస్తాయి.

అమ్మకానికి కాకుండా కుట్టేవి కూడా ఉన్నాయి. పెళ్లికూతురి సారెలోకి నీళ్లబిందె కింద పెట్టుకునే చుట్టకుదురు, దాని వెనక జడమీదికి వేలాడే చదరపు గుడ్డ. రెండింటి అంచులకీ గవ్వలే, అన్నీ చిల్లిగవ్వలే.