జీతపు ఆట: అల్‌స్టర్ జట్టు కప్పు గెలిచిన యేడు



భారతమునందు ద్రోణుడు హస్తినాపురమునకు వచ్చిన కథ మన మెరుగనిది కాదు. తోడి పిల్లలు పాలు త్రాగుచుండ తన బిడ్డడు పిండి కలిపిన నీళ్లనే పాలనుకొని త్రాగి గంతులు వేయుట చూచి, ఆ తండ్రి గుండె కలగి, తన విలువిద్యను రాజుల కొలువునకు సమర్పించెను. ఆ కొలువు బిడ్డకు పాలు తెచ్చినది. ఆ కొలువే తుదకు ఆయనను, తన మనస్సునకు న్యాయమని తోచని పక్షమున, యుద్ధభూమిలో నిలిపినది. విద్యకు జీతము పుచ్చుకొనుటయందలి మేలును కీడును ఒక్క జీవితమునందే చూపు కథ యది.

మేము ఉపాధ్యాయుని యింట కాపురము చేయుచున్నవారము. నెల తిరుగునప్పటికి జీతము రానిచో, పిల్లలచేత అక్షరములు దిద్దించు చేతికిని సత్తువ యుండదని యెరుగుదుము. పాట పాడి, వైద్యము చేసి, పాఠము చెప్పి ధనము తీసికొన్న లోకము తప్పు పట్టదు. ఆట ఆడి తీసికొన్నచో మాత్రము, "ఇంకేమున్నది, ఆట అంగడి కెక్కినది" అని పెదవి విరుచును. ఈ మాట యెంతవరకు నిజమో విచారించుటకై, ఐర్లండు దీవికి ఉత్తరమున నున్న అల్‌స్టర్ మండలపు రగ్బీ జట్టు 1998-99 లో ఆడిన ఆటలను గూర్చి వ్రాయుచున్నాము.

రగ్బీ యన నేమో ముందుగా చెప్పవలెను. ఒక్కొక్క పక్షమున పదునైదుగురు. బంతి గుండ్రముగా నుండక కోడిగ్రుడ్డు వలె కోలగా నుండును. దానిని చేత పట్టుకొని పరుగెత్తవచ్చును, కాలితో తన్నవచ్చును. కాని చేతితో తోడివానికి అందించునప్పుడు మాత్రము వెనుకకే అందింపవలెను, ముందునకు విసరరాదు. బంతి పట్టినవానిని ఎదిరిపక్షమువారు, మన చెడుగుడులో కూతకు వచ్చినవానిని పట్టినట్లు, పట్టి పడవేయుదురు. ఎదిరివారి గీతకు అవతల బంతిని నేలకు ఆనించిన నది 'ట్రై'. దానికి 5 పాయింట్లు. ఎదిరివారు నియమము తప్పినందుకు దొరకు 'పెనాల్టీ'ని రెండు స్తంభముల నడుమగా తన్నిన 3. ఆట సాగుచుండగా బంతిని నేలకు విడిచి, అది పైకి లేచుచుండ తన్ని యదే స్తంభముల నడుమ దాటించిన 'డ్రాప్ గోల్'కు 3. ఆట కాలము 80 నిమిషములు.

ఈ ఆటలో జీతపు తగవు చాల పాతది. ఇంగ్లండు ఉత్తరభాగమున గనులలోను మిల్లులలోను పనిచేయు కూలీలు శనివారమునాడు ఆటకు వచ్చిన ఆనాటి కూలి పోవుచుండెను. ఆ పోయిన కూలినైన ఇప్పింపుడని అక్కడి సంఘములు కోరగా పెద్దలు ఒప్పలేదు. అందుమీద 1895 ఆగస్టులో ఆ సంఘములవారు హడర్స్‌ఫీల్డు పట్టణమున సమావేశమై వేరుపడిరి. రగ్బీ రెండు చీలికలయ్యెను. ఆ తగవున కడుపు నిండినవారు ఆటయొక్క పవిత్రతను గూర్చి మాటలాడిరి, కూలి పోగొట్టుకొన్నవారు ఇంటి పొయ్యిని గూర్చి మాటలాడిరి. పెద్దల శాఖ తన పట్టుదలను నూరేండ్లు విడువక, 1995 ఆగస్టులో ఆటకు జీతము పుచ్చుకొనవచ్చునని యొప్పుకొనెను.

ఒప్పుకొన్నంతనే ఐర్లండునకు చిక్కు వచ్చినది. ఇంగ్లండులోని ధనికులు సంఘములను కొని జీతములు చూపగా, ఐర్లండు ఆటగాండ్రలో మేలైనవారు పలువురు సముద్రము దాటి పోయిరి. చేతికి అందివచ్చిన బిడ్డలు బ్రతుకు తెరువునకై దూరదేశములకు పోయిన యిండ్లు మన తెలుగునాటను తక్కువేమి కావు. ఆ వెలితి యెట్టిదో మన తల్లులకు వేరుగ చెప్ప నక్కరలేదు. తుదకు ఐరిష్ రగ్బీ సంఘమువారు తమ నాలుగు మండలముల జట్లనే జీతపు జట్లుగా నడుప పూనిరి. అప్పుడు పోయినవారు కొందరు మరలి వచ్చిరి. వారిలో నొకడు డేవిడ్ హంఫ్రీస్. ఇతడు న్యాయశాస్త్రము చదివినవాడు; ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము పక్షమునను ఆడినవాడు. లండన్ ఐరిష్ అను సంఘమున ఆడుచుండి 1998లో సొంత మండలమునకు వచ్చెను. అల్‌స్టర్ జట్టునకు శిక్షకుడు హ్యారీ విలియమ్స్, నాయకుడు మార్క్ మెకాల్.

ఆ మండలపు స్థితి చెప్పనిదే ఈ కథ బోధపడదు. అల్‌స్టర్ తొమ్మిది కౌంటీల మండలము. 1921లో దేశవిభజన జరిగినప్పుడు ఆరు కౌంటీలు ఉత్తర ఐర్లండు పేర బ్రిటిషు రాజ్యమున నిలిచినవి; మూడు దక్షిణమున ఏర్పడిన రాజ్యమున కలిసినవి. రాజ్యములు రెండైనను రగ్బీ సంఘము మాత్రము చీలలేదు. దీవి యంతటికి నేటికిని ఒక్కటే జాతీయ జట్టు. కాని 1960 తరువాతి దశాబ్దము మొదలు ముప్పదియేండ్లు ఉత్తరమున ప్రొటెస్టెంటులకు కాథలిక్కులకు నడుమ సాగిన కలహములలో సుమారు 3,500 మంది ప్రాణములు పోయినవి. ఆటలు సైతము వేరువేరు. ప్రొటెస్టెంటుల బడులలో రగ్బీ, కాథలిక్కుల బడులలో గేలిక్ ఫుట్‌బాల్, హర్లింగ్. కావున అల్‌స్టర్ రగ్బీ జట్టు అల్‌స్టర్ వారి కందరికిని తమదిగా నుండెనని చెప్పిన నది సత్యము కాదు.

బెల్‌ఫాస్ట్ నుండి డబ్లిన్‌కు పోవు దారిని గూర్చి యొక సంగతి. 1987 ఏప్రిల్‌లో అల్‌స్టర్ ఆటగాండ్రు ముగ్గురు జాతీయ జట్టు సాధనకై ఆ దారిని కారులో పోవుచుండిరి. సరిహద్దు దగ్గర, ఒక న్యాయమూర్తి దంపతులను చంపుటకై ఐ.ఆర్.ఏ. వారు పెట్టిన బాంబు ప్రేలినది. ఆ దంపతులు మరణించిరి. ఎదురుగా వచ్చుచున్న కారులోని ఆటగాండ్రకు గాయములు తగిలినవి. వారిలో నైజెల్ కార్ మరల ఆట ఆడలేకపోయెను. మరుసటి నెలలో జరిగిన మొదటి ప్రపంచ కప్పు అతనికి అందకుండ పోయెను. దక్షిణమున ఆటకై పోవు బిడ్డను సాగనంపిన తల్లి, అతడు చేరినట్లు కబురు వచ్చువరకు ఎట్లుండెనో మన ముహింపవచ్చును.

1998 ఏప్రిల్‌లో ఉభయ పక్షములకును శాంతి ఒడంబడిక కుదిరెను. జనులు ఊపిరి పీల్చుకొనిరో లేదో, ఆగస్టు 15న అల్‌స్టర్‌లోని ఓమా పట్టణపు బజారులో బాంబు ప్రేలి 29 మంది మరణించిరి. శనివారమునాడు సరకులు కొనుటకు వచ్చిన స్త్రీలు, పిల్లలు అందు పలువురు. కడుపుతో నున్న యొక యిల్లాలు, ఆమె గర్భమునందలి కవలలు సైతము పోయిరి. ఐరోపా కప్పు పోటీలలో అల్‌స్టర్ మొదటి ఆట ఆ తరువాతి నెలలోనే.

ఆ మొదటి ఆట బెల్‌ఫాస్ట్‌లోని రావెన్‌హిల్ మైదానమున స్కాట్లండు జట్టైన ఎడిన్‌బరో రీవర్స్‌తో జరిగెను. 38-38 గా సమమయ్యెను. రెండవది ఫ్రాన్సులోని తూలూజ్‌లో. 1996లో ఈ కప్పును మొట్టమొదట గెలిచినవారు తూలూజ్ వారే. అల్‌స్టర్ వారు 39-3 తో ఓడిరి. రెండాటలలో ఒక్క గెలుపైన లేదు. జీతములు పెంచినది యిందుకా యని జనులు అడిగెడి ఘడియ యది.

అక్కడనుండి కథ తిరిగినది. వేల్సు జట్టైన ఎబ్బు వేల్‌ను 61-28 తో ఓడించిరి. తమ్ము చితుకగొట్టిన తూలూజ్ రావెన్‌హిల్‌కు రాగా 29-24 తో గెలిచిరి. ఎడిన్‌బరో జట్టుతో మరల ఆడి రెండు పాయింట్ల తేడాతో, 23-21 తో, గట్టెక్కిరి. ఎబ్బు వేల్‌ను మరల 43-18 తో ఓడించి తరువాతి దశకు చేరిరి. డిసెంబరులో జరిగిన క్వార్టరు ఫైనలునకు ఎదురుపడినది మరల తూలూజే. చలిలో, బురదలో జరిగిన ఆ ఆట 15-13 తో అల్‌స్టర్‌కు దక్కెను. సెప్టెంబరులో 36 పాయింట్ల తేడాతో తమ్ము ఓడించినవారిని మూడు నెలలలో రెండుమార్లు ఓడించుట అదృష్టమాత్రమని మేమనము. ఓడినవారు తమను ఓడించినవానినే గురువుగా చేసికొన్నప్పుడు ఇట్లు జరుగును.

1999 జనవరి 9న సెమీఫైనలు. ప్యారిస్ జట్టైన స్టాడ్ ఫ్రాన్సే ధనబలమునను పేరునను పెద్దది. రావెన్‌హిల్‌లో జనులు క్రిక్కిరిసి నిలిచిరి. హంఫ్రీస్, మైదానము నడుమనుండి సాగిన యొక దాడిలో, తానే బంతిని గీత దాటించి ట్రై సాధించెను. 33-27 తో అల్‌స్టర్ గెలిచెను.

జనవరి 30న డబ్లిన్‌లోని ల్యాన్స్‌డౌన్ రోడ్డు మైదానమున ఫైనలు. ఎదిరి జట్టు తూలూజ్ పక్కనున్న కొలోమియే. పండ్రెండేండ్ల క్రిందట బాంబు ప్రేలిన దారి వెంటనే ఆనాడు అల్‌స్టర్ జనులు, ఎరుపు తెలుపు కండువాలతో, పిల్లలను వెంటబెట్టుకొని వేలకొలదిగా దక్షిణమునకు పోయిరి. దక్షిణపు మండలములవారును వారితో గూడిరి. సుమారు 49 వేలమంది నిండిన ఆ మైదానమున ఉత్తరపు జట్టు ఐర్లండు అంతటికి ప్రతినిధిగా నిలిచెను. ఆ ఆటలో ట్రై యొక్కటియు లేదు. సైమన్ మేసన్ ఆరు పెనాల్టీలు, హంఫ్రీస్ ఒక డ్రాప్ గోల్ తన్నిరి. 21-6 తో అల్‌స్టర్ గెలిచెను. ఐర్లండునకు ఆ కప్పు దక్కుట అదే మొదలు.

నాయకుడు మెకాల్ మాత్రము ఆ ఆట ఆడలేదు. మెడకు తగిలిన దెబ్బ అతనిని ఆటకు దూరము చేసినది. అతనికి మారుగా నాయకత్వము వహించిన హంఫ్రీస్, కప్పు నందుకొను వేళ మెకాల్‌ను రావించి, ఇద్దరును కలిసి దానిని పైకెత్తిరి. ఋతువంతటిలోను మాకు మిక్కిలి ప్రియమైన ఘట్ట మిది. జీతపు కాగితములో ఇట్టి పని యెచ్చటను వ్రాసి యుండదు.

ఇక మంచి చెడ్డలు రెండును తూచవలెను. ఇంగ్లండు సంఘములు తగవుపడి ఆ యేడు పోటీకి రాలేదు. కిందటి విజేతయైన బాత్ కూడ లేదు. కావున గెలుపు కొంత సులభమైనదనువారు కలరు, వారి మాటలో పస లేకపోలేదు. మరుసటి యేడు అల్‌స్టర్ మొదటి దశయే దాటలేదు. 2012లో ఫైనలునకు చేరి, సోదర మండలమైన లెన్‌స్టర్ చేతిలో 42-14 తో ఓడెను. ఆ కప్పు మరల బెల్‌ఫాస్ట్‌కు రాలేదు. ఒక్క కప్పు కలహములను మాన్పినదనుటయు అతిశయోక్తియే. కాని నెలలకొలది పోటీలలో, భయము లేకుండ ఒకచోట చేరుట యెట్లుండునో వేలమంది రుచి చూచిరి; ఆ రుచి కొంచెమైనది కాదు.

జీతపు ఆట తెచ్చిన కీడును దాచరాదు. హంఫ్రీస్ విడిచి వచ్చిన లండన్ ఐరిష్ అప్పులపాలై 2023లో పోటీలనుండి తొలగింపబడెను. అంతకు ముందటి యేడు వూస్టర్, వాస్ప్స్ సంఘములు కూలెను. ఆటగాండ్రు బలసినకొలది దెబ్బలును బలసినవి. 2003లో ఇంగ్లండు పక్షమున ప్రపంచ కప్పు గెలిచిన స్టీవ్ థాంప్సన్, తలకు తగిలిన దెబ్బలవలన ఆ గెలుపే తనకు జ్ఞప్తి లేదని 2020లో చెప్పెను. బిడ్డను కన్నవారు ఈ మాట విని ఊరకుండలేరు. ద్రోణుని కొలువు వలె ఈ కొలువునకును పాలు పోయు చేయి యొకటి, బంధము వేయు చేయి యొకటి కలవు.

అయినను ఆటను చెరచినది జీతమేనని మేమనము. జీతము లేనినాడు కలవారి బిడ్డలు ఆడిరి. గని కూలీల బిడ్డలు వెలి పడిరి. జీతము దూరముననే దొరకిననాడు బిడ్డలు వలస పోయిరి. సొంతగడ్డమీద దొరకిననాడు మరలి వచ్చి, నెత్తురు చూచి చూచి అలసిన తమవారికి పండుగ చేసిరి. మెకాల్ తరువాత శిక్షకుడై, ఇంగ్లండులోని సారసెన్స్ జట్టు చేత 2016, 2017, 2019లలో అదే కప్పును గెలిపించెను. ఆడలేకపోయిననాడు తన చేతి కందింపబడిన కప్పు నతడు మరచియుండడు.

కావున మన పిల్లలు ఆటయందు గాని పాటయందు గాని ఆసక్తి చూపి, దానివలననే బ్రతుకుదుమన్నప్పుడు, "కూడు పెట్టునా?" యని అడుగుట తల్లిదండ్రులకు తగినదే. ఆ ప్రశ్నతో కూడ, "దెబ్బ తగిలినవానిని నీ పక్కన నిలుపుకొందువా?" యని అడుగుటయు నేర్చుకొందము. మొదటి ప్రశ్నకు జవాబు యజమానుల చేతిలో నుండును. రెండవదానికి జవాబు మాత్రము మనము పెంచిన పెంపకములో నున్నది.