విమానం బోయింగ్‌ది, తెర ఎవరిది?

విమానం దిగేటప్పుడు కాక్‌పిట్ తలుపు తెరిచి ఉంటే ఒక్కసారి లోపలికి చూడండి. పైలట్ల ముందున్న తెరలను బోయింగ్, ఎయిర్‌బస్‌లు బయటి కంపెనీల దగ్గర కొంటాయి. పెద్ద విమానాల్లో ఎక్కువగా వినిపించే పేర్లు మూడు: అమెరికావి హనీవెల్, కాలిన్స్ ఏరోస్పేస్, ఫ్రాన్స్‌ది థేల్స్. మొదటి రెండింటికీ హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి.

తెర ముందువైపు చాలాసార్లు పేరు కనిపించదు. ఇంజినీర్లు దాన్ని ‘డీయూ’ అంటారు, అంటే డిస్‌ప్లే యూనిట్. పాడైతే బీరువా సొరుగు లాగినట్టు పెట్టెతో సహా బయటికి లాగి, ఇంకోటి పెట్టేస్తారు. అసలు చిరునామా ఆ పెట్టెకు అంటించిన చిన్న రేకు మీద ఉంటుంది: తయారీదారు పేరు, పార్ట్ నంబర్, సీరియల్ నంబర్.

లాగి చూసే వీలు మనకు ఉండదు కాబట్టి లెక్కపెట్టడమే మార్గం. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ దగ్గర బోయింగ్ 737-800లు, 737 మాక్స్‌లు రెండూ ఉన్నాయి. బయటి నుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. కాక్‌పిట్‌లో 6 చిన్న తెరలుంటే అది 737-800, తెరలు హనీవెల్‌వి. 15.1 అంగుళాల పెద్ద తెరలు 4 ఉంటే అది మాక్స్, అవి కాలిన్స్‌వి. అదే కొలతలో 5 తెరలు కనిపిస్తే 787 ఎక్కినట్టు, అవీ కాలిన్స్‌వే. కడప లాంటి చిన్న విమానాశ్రయాల్లో దిగే ఏటీఆర్ 72-600లోనూ 5 తెరలే, కానీ థేల్స్‌వి. ఎయిర్‌బస్ ఏ350లో 6, ఏ380లో 8. అవి కూడా థేల్స్‌వే.

పేర్లు మారుతూ ఉంటాయి, అక్కడ తికమకపడొద్దు. పాత పెట్టె మీద థామ్సన్-సీఎస్ఎఫ్ అని ఉంటే అది థేల్సే. 2000లో పేరు మార్చుకుంది. 2018 దాకా రాక్‌వెల్ కాలిన్స్ అన్నదే నేటి కాలిన్స్ ఏరోస్పేస్. దాని మూలపురుషుడు ఆర్థర్ కాలిన్స్ 1933లో అయోవాలో రేడియోల కంపెనీగా మొదలుపెట్టాడు. అడ్మిరల్ బర్డ్ అంటార్కిటికా యాత్రకు రేడియోలు ఇచ్చింది ఆయనే.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ హనీవెల్‌ది. 1929 సెప్టెంబర్ 24న న్యూయార్క్ దగ్గర జిమ్మీ డూలిటిల్ బయటికి ఏమీ కనిపించకుండా కాక్‌పిట్ కప్పేసుకుని విమానం లేపాడు, తిప్పాడు, దించాడు. ముందు సీట్లో ఇంకో పైలట్ ఉన్నాడు గానీ, అవసరమైతే అందుకోవడానికే. డూలిటిల్ నమ్ముకున్న పరికరాల్లో ఒకటి స్పెర్రీ కంపెనీ చేసిన కృత్రిమ క్షితిజం: నేల ఎటుందో, ఆకాశం ఎటుందో చూపే గీత. 1986లో స్పెర్రీ విమాన పరికరాల విభాగాన్ని హనీవెల్ కొనేసింది. ఈనాటి తెర మీద పైన నీలం, కింద గోధుమరంగు, మధ్యలో కనిపించే గీత ఆ పాత పరికరానికి వారసురాలే.

తెర ఎవరిదన్నది కుతూహలం తీర్చుకోవడానికే కాదు. వైఫై సంకేతాలు తగిలితే కొన్ని హనీవెల్ తెరలు క్షణకాలం ఖాళీ అయ్యే ప్రమాదం ఉందని, 1,300కు పైగా 737, 777 విమానాల్లో వాటిని మార్చమని 2014లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఆదేశించింది. ఫలానా పార్ట్ నంబర్ ఏ విమానంలో ఉందో తెలిస్తేనే ఆ పని జరుగుతుంది.

2019 చివర్లో ఇంకో వింత బయటపడింది. అలాస్కాలోని బారో విమానాశ్రయానికి వెళ్తూ పైలట్లు అక్కడి రన్‌వేను కంప్యూటర్‌లో ఎంచుకోగానే కొన్ని 737లలో ఆరు తెరలూ ఒకేసారి నల్లబడ్డాయి. వేరే రన్‌వే ఎంచుకుంటే మళ్లీ వెలిగాయి. తప్పు గాజుది కాదు, వెనకనున్న సాఫ్ట్‌వేర్‌ది. సరిగ్గా 270 డిగ్రీల దిశలో ఉన్న కొన్ని రన్‌వేల లెక్క దానికి మింగుడుపడలేదు. ప్రపంచం మొత్తంలో అలాంటివి ఏడే!

ఒక్క తెరే పోతే మాత్రం కంగారు లేదు. ఎయిర్‌బస్ ఏ320లో కెప్టెన్ ఎదుటి ప్రధాన తెర ఆరిపోతే, నీలం గోధుమరంగు బొమ్మ తనంతట తానే పక్క తెర మీదికి జరుగుతుంది.