బ్రేకు ప్యాడ్ల చప్పుడు వెనక కథ

గతుకుల బాటలో జీపు పోతుంటే ముందు చక్రాల దగ్గర టకటకమని చప్పుడు వస్తుంది. పెడలు మీద కాలు కాస్త ఆనిస్తే ఆగుతుంది, తీస్తే మళ్ళీ మొదలవుతుంది. చాలామంది సస్పెన్షన్ బుష్షులు పోయాయేమోనని అటు వెతుకుతారు. కానీ పెడలు తాకగానే ఆగే చప్పుడైతే ముందు అనుమానించాల్సింది బ్రేకు ప్యాడ్లనే. ప్యాడ్లకు కొంత వదులు ఉండటం తయారీ లోపం కాదు. అది లేకపోతే డిస్క్ బ్రేకు పనే చేయదు.

ఈ బ్రేకుకు బ్రిటన్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంజనీరు 1902లో పేటెంటు తీసుకున్నాడు. చక్రంతో పాటు తిరిగే పలుచని బిళ్ళను రెండు పక్కల నుంచీ నొక్కి పట్టడమే ఆయన ఆలోచన. నొక్కే భాగానికి రాగి వాడాడు. లోహం మీద లోహం రాసుకుని కీచుమనేది, పైగా ఆనాటి మట్టిరోడ్ల దుమ్ము రాగిని ఇట్టే అరగదీసేది. చప్పుడూ దుమ్మూ పుట్టిన నాటి నుంచే దీని వెంటపడ్డాయన్నమాట. కొన్నేళ్ళకు హెర్బర్ట్ ఫ్రూడ్ ఆస్‌బెస్టాస్ పొర అతికించి ఆ కీచుదనం తగ్గించాడు. దానికి మూల్యం తర్వాతి తరాల కార్మికులు, మెకానిక్కులు తమ ఊపిరితిత్తులతో చెల్లించారు.

అర్ధశతాబ్దం పాటు కార్లలో డ్రమ్ బ్రేకులదే రాజ్యం. డ్రమ్ములో వేడి లోపలే చిక్కుకుని, వరసగా తొక్కితే పట్టు సడలుతుంది. డిస్కు గాలికి తెరుచుకుని ఉంటుంది కనుక త్వరగా చల్లబడుతుంది. 1953లో డన్‌లప్ డిస్క్ బ్రేకులున్న జాగ్వార్ సీ-టైప్ లె మాన్స్ 24 గంటల పందెం గెలిచి ఆ సంగతి లోకానికి చూపింది. 1955లో సిట్రోయెన్ డీఎస్‌తో డిస్క్ బ్రేకు మామూలు కొనుగోలుదారు చేతికీ వచ్చింది.

ఇప్పటి చాలా బళ్ళలో, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్‌కు ఒకవైపే పిస్టన్ ఉంటుంది. అది లోపలి ప్యాడును నొక్కగానే కాలిపర్ రెండు పిన్నుల మీద జరిగి, బయటి ప్యాడును డిస్కు మీదికి లాగుతుంది. కాలు తీయగానే పిస్టన్ చుట్టూ సాగిన రబ్బరు సీలు తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. ఇంత చిన్న రబ్బరు కట్టు ఇంత పని చేయడం నాకు ఎప్పుడూ అపురూపంగానే అనిపిస్తుంది. ఆ వెంట్రుకవాసి దక్కాలంటే ప్యాడు తన గాడిలో స్వేచ్ఛగా జరగాలి. వదులు మరీ ఎక్కువైతే అది కొట్టుకుంటుంది. ఆ రెంటి మధ్యా ప్యాడును నిలిపేది స్టెయిన్‌లెస్ రేకుతో చేసిన చిన్న స్ప్రింగ్ క్లిప్పులు.

బురద, వాగునీళ్ళు, ఇసుక ఈ క్లిప్పుల పని పడతాయి. కొన్ని ఒత్తిడి కోల్పోతాయి, చప్పుడు వస్తుంది. కొన్నింటి కింద తుప్పు పేరుకుని, వానాకాలంలో ఉబ్బిన చెక్క తలుపులా ప్యాడును బిగదీస్తుంది.

కాబట్టి బండిని స్టాండు మీద నిలిపి, చక్రం విప్పి, కాలిపర్‌ను తీగతో వేలాడగట్టాలి, గొట్టం మీద బరువు పడకూడదు. క్లిప్పులు తీసి, గాడిలోని తుప్పును ఇనుప బ్రష్షుతో గీకాలి. దుమ్మును గాలి కొట్టి లేపకూడదు, తడిగుడ్డతో తుడవాలి. కొత్త క్లిప్పులు వేశాక ప్యాడు వేలితో తోస్తే జరగాలి, దానంతటది జారిపోకూడదు. పిన్నులకు వాటికోసమే వచ్చే సిలికాన్ గ్రీజే రాయాలి. మామూలు గ్రీజుకు రబ్బరు ఉబ్బుతుంది. డిస్కును తాకే ముఖాన చుక్క గ్రీజు కూడా అంటకూడదు. గాడే అరిగిపోతే, ఆ గాడి ఉన్న బ్రాకెట్‌ను మార్చాల్సిందే. చప్పుడు ఆగాలని, గాడిలో కూర్చునే ప్యాడు చెవుల మీద వెల్డింగ్ బొట్లు పెట్టించేవాళ్ళున్నారు. అలా బిగించిన ప్యాడు డిస్కును వదలదు, కొండ దిగేటప్పుడు కాగిపోతుంది.

బోల్టులు చెప్పినంత టార్కుకు బిగించి, బండి కదలక ముందే పెడలును గట్టిపడేదాకా తొక్కాలి. ఈ పనిలో వెనక్కి నెట్టిన పిస్టన్ ముందుకు రాకముందు మొదటిసారి కాలు నేల దాకా దిగిపోతుంది.