టెలిఫోనుపై కనబడు నంబరు: అది ఎవరి మాట?

టెలిఫోను మ్రోగగానే తెరమీద ఒక నంబరు కనబడును. దానిని చూచి, పిలుచుచున్నవారెవరో మనము నిశ్చయించుకొందుము. ఆ నంబరును వ్రాసినదెవరు? దానిని నమ్మవచ్చునా?

ఒక పోస్టుకార్డును తీసికొందము. పంపువారి చిరునామాగా, వ్రాయువాడు తనకు తోచిన పేరు వ్రాయవచ్చును. తపాలా ముద్రను మాత్రము కార్యాలయమే వేయును. ఇంటర్నెట్ టెలిఫోనులోను ఇట్టివే రెండు గుర్తులు కలవు.

ఇందులో పిలుపు ‘సిప్’ అను నియమావళి ననుసరించి ఒక సందేశముగా బయలుదేరును. సందేశపు పైభాగమున నుండు పంక్తులకు హెడర్లని పేరు. ‘ఫ్రమ్’ అను హెడరును పిలుచువాని యంత్రమే వ్రాయును. అది పంపువారి చిరునామా వంటిది. 2002లో నిర్వచింపబడిన ‘పి-అసర్టెడ్-ఐడెంటిటీ’ అను హెడరును, చందాదారుని గుర్తించిన పిమ్మట టెలిఫోను కంపెనీ చేర్చును. అది తపాలా ముద్ర వంటిది. తెరపై కనబడు నంబరు ఈ రెంటిలో దేనినుండియైనను రావచ్చును.

ఎవడైనను దొంగముద్ర వేసి పంపినచో? అందులకే రెండు కంపెనీల నెట్‌వర్కుల నడుమ ‘సెషన్ బోర్డర్ కంట్రోలర్’ అను సరిహద్దు యంత్రము నుంతురు. నమ్మకపు ఒడంబడిక లేని వైపునుండి వచ్చిన సందేశములో ముద్ర యున్నచో, ఆ యంత్రము దానిని తొలగించును. లోపలినుండి అట్టి వైపునకు పోవు సందేశములో, చందాదారుడు తన నంబరును దాచుమని ‘ప్రైవసీ’ హెడరు ద్వారా కోరియున్నచో, ముద్రను తీసివేసియే పంపును. అబద్ధమును లోనికి రానీయకుండుట, రహస్యమును వెలుపలికి పోనీయకుండుట, ఈ రెండును దాని పనులే.

కాని పిలుపు పెక్కు నెట్‌వర్కులను దాటునపుడు, ప్రతి సరిహద్దునందును పొరుగువాని మాటనే నమ్మవలసి వచ్చును. ఒక్కడు ఏమరినను అబద్ధము చొరబడును. దీనికి విరుగుడుగా 2006లో ఎలక్ట్రానిక్ సంతకపు పద్ధతి నొకదానిని రూపొందించిరి. ఆ సంతకము సందేశములోని చాల భాగములకు వర్తించెడిది. సరిహద్దు యంత్రములు తమ పనిలో భాగముగా ఆ భాగములనే మార్చుటచే సంతకము చెల్లకపోయెడిది. 2018 నాటి క్రొత్త పద్ధతిలో పిలుచు నంబరు, పిలువబడు నంబరు, సమయము, ఈ మూడే ముఖ్యముగా సంతకమునకు లోబడును. అమెరికాలో పెద్ద కంపెనీలు 2021 జూన్ 30 నాటికి తమ ఇంటర్నెట్ టెలిఫోను నెట్‌వర్కులలో దీనిని అమలుపరుపవలెనని అచ్చటి ప్రభుత్వ సంస్థ ఆదేశించెను.

మన దేశమున, విదేశములనుండి వచ్చుచు +91 అను మన సంకేతముతో దొంగ నంబరును చూపు పిలుపులను సరిహద్దుననే ఆపు ఏర్పాటును కేంద్రప్రభుత్వము 2024 అక్టోబరులో ప్రారంభించెను. మొదటి 24 గంటలలోనే సుమారు 1.35 కోట్ల పిలుపులను ఆపినట్లు ప్రకటించెను.

అయినను ఒక మాట మరువరాదు. సంతకము నంబరునకే సాక్ష్యము, మాటలాడువాని సత్యమునకు కాదు. బ్యాంకువారమనియో, పోలీసులమనియో ఎవరైనను డబ్బు గాని, రహస్యసంఖ్య గాని అడిగినచో, పిలుపును ఆపివేసి, ఆ కార్యాలయపు నంబరును స్వయముగా వెదకి మనమే డయలు చేయవలెను. అప్పుడు పిలుపు ఎచ్చటికి చేరవలెనో నిర్ణయించునది మనము డయలు చేసిన నంబరు. మోసగాడు వ్రాసిన ‘ఫ్రమ్’ హెడరునకు అచ్చట పని లేదు.