చెరకు తీపికి కొలత

తాడేపల్లిగూడెము పరిసరములందలి చెరకు రైతు పంటను ఫ్యాక్టరీకి తోలుటయో, గానుగ ఆడించి బెల్లము వండుటయో చేయుచుండును. ఈ జిల్లాలో తణుకునందు 1947లో ఆంధ్ర షుగర్స్ స్థాపింపబడినది. గూడెము బెల్లపు వర్తకమునకు పేరుపడినది. రెండు చోట్లను కాటా తూచునది బరువునే. ఆ బరువులో నూటికి డెబ్బది పాళ్ల వరకు నీరే.

2025–26 సీజనుకు కేంద్ర ప్రభుత్వము 10.25 శాతము రికవరీపై క్వింటాలు చెరకునకు 355 రూపాయలు నిర్ణయించినది. ఆపైన హెచ్చిన ప్రతి 0.1 శాతమునకు 3 రూపాయల 46 పైసలు అదనము. రికవరీ యనగా నూరు పాళ్ల చెరకునుండి చేతికివచ్చు పంచదార పాళ్లు. ఇది ఫ్యాక్టరీ మొత్తమునకు కట్టు సగటు. ఒక్కొక్క రైతు బండికి కట్టునది కాదు. ఒకరు పచ్చిచెరకు నరికి తోలినచో సగటు తగ్గి, ఆ నష్టము పక్కవాని ధరపైన గూడ పడును. కావుననే ఈ విషయమును పంచాయతీ సభ్యుల ముందుంచుచున్నాము.

తీపిని నాలుకతో గాక డిగ్రీలతో కొలుచు పద్ధతికి జర్మనీ దేశీయుడగు బ్రిక్స్ పేరు నిలిచినది. నూరు గ్రాముల ద్రావణములో ఇరువది గ్రాముల చక్కెర యున్నచో అది 20 డిగ్రీల బ్రిక్స్. చక్కెర కరిగినకొలది ద్రావణము బరువెక్కును. లీటరు నీరు రమారమి వెయ్యి గ్రాములు తూగగా, 20 డిగ్రీల ద్రావణము 1,081 గ్రాములు తూగును. హైడ్రోమీటరను తేలుడు గొట్టము ఈ తేడానే చూపును. రసము వేడిగానున్న తక్కువ చూపును గనుక, గొట్టముపై వ్రాసిన ఉష్ణోగ్రతకు లెక్క సవరించుకొనవలెను. నురుగు తేరనిచ్చి చూచుట మేలు.

పొలములో రిఫ్రాక్టోమీటరు సులభము. చక్కెర ద్రావణము వెలుగును నీటికంటె ఎక్కువగా వంచును: నీటి వక్రీభవన గుణకము 1.333, 20 డిగ్రీల ద్రావణమునకు 1.364. అద్దముపై ఒక రసపు చుక్క వేసి వెలుతురువైపు చూచినచో గీత నిలిచినచోట డిగ్రీ తెలియును. గడ మొదటను, కొనను విడివిడిగా చూడవలెను. రెండును ఇంచుమించు సమానమైన పంట పక్వమునకు వచ్చినది. కొన బాగుగా తక్కువైన ఇంకను ఆగవలెను.

అయితే బ్రిక్స్ చూపునది చక్కెరను మాత్రమే కాదు, రసములో కరిగిన సమస్తమును. అసలు చక్కెరను ఎంచుటకు ఫ్యాక్టరీలో పోలారిమీటరు వాడుదురు. చెరకు చక్కెర ధ్రువీకృతకాంతిని కుడివైపునకు త్రిప్పును. ఆ త్రిప్పుటనుబట్టి పాళ్లు తెలియును. 18 డిగ్రీల రసములో 15.3 పాళ్లు చక్కెరయైన శుద్ధత 85 శాతము, 12.6 పాళ్లే యైన 70.

నరికిన చెరకును నాలుగు దినములు కళ్లమున ఉంచినచో ఏమగును? నీరు ఆరి బ్రిక్స్ హెచ్చును. చూచువాడు తీపి పెరిగినదని సంతసించును! లోపల చక్కెర విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మారుచుండును. ఆ మిశ్రమము కాంతిని ఎడమకు త్రిప్పును. అట్టి రసము వండిన బెల్లము సరిగా గట్టిపడదు, వానకాలమున చెమ్మగిలి జారును. నరికిననాడే, తప్పినచో మరునాడే, గానుగకో ఫ్యాక్టరీకో చేర్చుట అందువలన.

ఊరికి ఒక రిఫ్రాక్టోమీటరు చాలునని మా యభిప్రాయము. ప్రతిసారి అద్దమును కడిగి తుడిచి, ముందుగా శుద్ధజలపు చుక్క వేయవలెను. గీత సున్నవద్ద నిలువనిచో మరను సవరించి, పిమ్మటనే రసము చూడవలెను.