ట్రాన్స్‌ఫార్మర్ మీది ఫీజు ఊకె పోతున్నదా? రైతు కిందనుంచే చేయగల పనులు



యాసంగి వచ్చిందంటే హసన్‌పర్తి, జయగిరి, నాగారం, సీతంపేట వైపు బోర్ల మీద, బావుల మీద మోటర్లన్నీ ఒక్కసారే నడుస్తాయి. సరిగ్గా అప్పుడే "ట్రాన్స్‌ఫార్మర్ మీద ఫీజు పోయింది" అనే మాట వినబడుతుంది. ఎప్పుడో ఒకసారి పోతే సరే. వారంలో రెండు మూడు సార్లు పోతుంటే నారుమడి ఎండుతుంది, కూరగాయల మడి వాడిపోతుంది. ఆ తొందరలో ఎవరో ఒకరు చేతిలో తీగ ముక్క పట్టుకొని ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కుతారు. ప్రాణాలు పోయేది అక్కడే.

పై వీడియోలో ట్రాన్స్‌ఫార్మర్ భాగాలను దూరం నుంచి చూడవచ్చు. గుర్తుపెట్టుకోవాల్సిన సంగతులు ఇక్కడ రాస్తున్నాం. పైనున్న ఫీజును కాపాడే పనుల్లో చాలా వరకు కిందనే ఉన్నాయి. మన మోటర్ దగ్గర, స్టార్టర్ డబ్బాలో, పొలం గట్టు మీద. వాటికోసం ఎవరూ పైకి ఎక్కక్కర్లేదు.

ఆ ఫీజు ఏం పని చేస్తుంది?

మన పొలాలకు వచ్చే పెద్ద లైన్ 11 కేవీ, అంటే 11,000 వోల్టులు. అది ముందు ఏబీ స్విచ్‌కు, అక్కడి నుంచి హెచ్‌జీ ఫీజులకు, ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్‌కు వస్తుంది. హెచ్‌జీ అంటే హారన్ గ్యాప్. కొమ్ముల్లాగ పైకి విచ్చుకున్న రెండు కడ్డీల మధ్య సన్నటి తీగ కడతారు. కరెంటు మోతాదు మించితే ఆ తీగ కరుగుతుంది. అప్పుడు లేచే మంట కొమ్ముల వెంట పైకి పాకి, సాగి, ఆరిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి చుట్టలు కాలకుండా తీగ తానే పోతుందన్నమాట.

దిగువన, మన మోటర్ల వైపు, ఎల్టీ ఫీజులు ఉంటాయి. మోటర్‌లో గానీ సర్వీస్ వైరులో గానీ తప్పు ఉంటే ముందు పోవాల్సింది ఇవే. ఎల్టీ ఫీజు నిలబడి పైన హెచ్‌జీ ఫీజు పోతోందంటే, కింద ఎవరో లావు తీగో, అల్యూమినియం పోగులో చుట్టారేమో అని ముందు అనుమానించాలి. "ఇక పోకుండ గట్టిగ కట్టిన" అని మనం అనుకుంటాం కానీ, ఆ దెబ్బంతా పైకి పోతుంది.

లెక్క ఒక్కసారి చూద్దాం

పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి పొడుగు ఎల్టీ లైన్లు లాగే బదులు, 11 కేవీ లైన్‌నే బావుల దాకా తెచ్చి 16, 25 కేవీఏ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టే పద్ధతిని హెచ్‌వీడీఎస్ అంటారు. అందుకే ఇప్పుడు చాలా చోట్ల ముగ్గురు నలుగురు రైతులకు ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది.

25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నిండు లోడ్ మీద ఉంటే మోటర్ల వైపు సుమారు 33 ఆంపియర్లు, 11 కేవీ వైపు సుమారు 1.3 ఆంపియర్లు నడుస్తాయి. 5 హెచ్‌పీ మోటర్ ఒకటి దాదాపు 8 ఆంపియర్లు తీసుకుంటుంది. నాలుగు మోటర్లకు 32. అంటే నాలుగింటితోనే ట్రాన్స్‌ఫార్మర్ నిండింది. ఐదో మోటర్ తగిలిస్తే 40 అవుతుంది.

ఇది మోటర్లు నడుస్తున్నప్పటి లెక్క. మొదలయ్యేటప్పుడు మోటర్ ఐదు నుంచి ఏడు రెట్లు కరెంటు గుంజుతుంది. నాలుగు మోటర్లు ఒకే క్షణంలో మొదలైతే, ఆరు రెట్ల లెక్కన 190 ఆంపియర్లు దాటుతుంది. అది పైన 11 కేవీ వైపు సుమారు 7.5 ఆంపియర్లుగా కనబడుతుంది. 1.3 నడవాల్సిన చోట 7.5 నడిస్తే తీగ అప్పుడే కరగవచ్చు. కరగకపోయినా ఎర్రబడి, పైపొర మాడి, కొంచెం సన్నబడుతుంది. అట్లా పదిసార్లు అయ్యాక, ఏ తప్పూ లేని రోజు మామూలు లోడ్‌కే పుటుక్కుమంటుంది. ఫీజు తీగ దాని కాలం తీరకముందే పోవడానికి పెద్ద కారణం ఇదే.

ఆటో స్టార్టర్ పాత అలవాటు

2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక చాలా ఏండ్లు రోజుకు ఏడు గంటలు, తర్వాత తొమ్మిది గంటలు ఇచ్చారు. అదీ ముక్కలు ముక్కలుగా, రాత్రి పూట కూడా. చీకట్లో పాము, తేలు భయంతో బావి కాడికి పోలేక రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. ఆ రోజుల్లో అది అవసరం. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల సరఫరా మొదలైంది. కరెంటు కోసం కాచుకునే పని తప్పింది కానీ ఆటో స్టార్టర్ చాలా డబ్బాల్లో అట్లనే ఉండిపోయింది.

లైన్‌లో చిన్న ట్రిప్ అయి కరెంటు తిరిగి రాగానే ఆటో ఉన్న మోటర్లన్నీ ఒకే క్షణంలో లేస్తాయి. అదే క్షణంలో ట్రాన్స్‌ఫార్మర్ కూడా తన అయస్కాంతం నింపుకోవడానికి ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. రెండూ కలిసి ఫీజు మీద పడతాయి. కాబట్టి:

• ఆటో తీసేసి చేతితో వేసుకోవడం మంచిది.
• దూరం వల్ల తప్పనిసరైతే టైమర్ ఉన్న స్టార్టర్ పెట్టి, నలుగురూ వేర్వేరు సమయం పెట్టుకోవాలి. ఒకరికి 1 నిమిషం, ఇంకొకరికి 3, తర్వాత 5, 7.
• లైన్‌మన్ ఫీజు కట్టి ఏబీ స్విచ్ వేసే ముందు ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది స్టార్టర్లన్నీ ఆఫ్‌లో ఉండాలి. తర్వాత రెండేసి నిమిషాల తేడాతో ఒక్కొక్కటి వేయాలి. కొత్తగా కట్టిన ఫీజు పది నిమిషాల్లో మళ్లీ పోవడానికి ఎక్కువగా ఈ జాగ్రత్త లేకపోవడమే కారణం.

కెపాసిటర్ చిన్నదే, లాభం పెద్దది

5 హెచ్‌పీ మోటర్‌కు 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెడితే లైన్ నుంచి లాగే కరెంటు దాదాపు 8 ఆంపియర్ల నుంచి 7కు దిగుతుంది. నాలుగు మోటర్లకు నాలుగు ఆంపియర్ల దాకా మిగిలినట్టు. మామూలుగా 3 హెచ్‌పీకి 1, 7.5 హెచ్‌పీకి 3 కేవీఏఆర్ పెడతారు. ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనండి. స్టార్టర్ తర్వాత, మోటర్ వైపు కలిపించండి. అప్పుడు మోటర్ ఆపితే అదీ ఆగుతుంది. ఉబ్బిన కెపాసిటర్‌ను వెంటనే మార్పించండి. కరెంటు తీసేశాక కూడా దానిలో చార్జి మిగిలి ఉంటుంది, వట్టి చేతితో ముట్టొద్దు.

ప్రకృతి సేద్యం చేసే పొలంలో ప్రత్యేక జాగ్రత్తలు

మన పొలాల్లో చెట్లు, తీగలు, పక్షులు, ఆచ్ఛాదన అన్నీ ఎక్కువ. అవి మన బలం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మాత్రం వాటికి వేరే లెక్క ఉంది.

ఆచ్ఛాదన: హెచ్‌జీ ఫీజు పోయినప్పుడు కరిగిన లోహం చుక్కలు కింద పడతాయి. కింద ఎండు గడ్డి, వరిగడ్డి పరిచి ఉంటే నిప్పు అంటుకుంటుంది. గద్దె చుట్టూ కనీసం పది అడుగులు ఎండు ఆచ్ఛాదన లేకుండా ఉంచండి. గడ్డివాము, జీవామృతం డ్రమ్ములు, ఘనజీవామృతం నిల్వ కూడా అక్కడ వద్దు.

తీగలు: మనం కలుపు మందు కొట్టం కాబట్టి తిప్పతీగ, దొండ లాంటివి స్టే వైరు పట్టుకొని పైదాకా పాకుతాయి. వాన పడితే ఆ పచ్చి తీగ గుండా కరెంటు భూమిలోకి దిగుతుంది, ఫీజు పోతుంది. మొలక దశలోనే పీకేయండి. పైదాకా పాకిన తీగను మాత్రం ముట్టుకోకుండా లైన్‌మన్‌కు చెప్పండి.

గట్టు చెట్లు: గ్లిరిసీడియా ఆకు మనకు బంగారమే. కానీ 11 కేవీ లైన్ కింద నాటకండి. టేకు, సుబాబుల్, వెదురు, కొబ్బరి అసలే వద్దు. ఐదంచెల తోట వేసేవారు ఆ పట్టీలో పప్పుధాన్యాలు, కూరగాయలు వేసుకోవచ్చు. లైన్‌కు తగులుతున్న కొమ్మను కరెంటు ఉండగా నరకొద్దు.

పక్షి స్థావరాలు: పత్తిలో, మిర్చిలో పురుగు కోసం పాతే టీ ఆకారపు కర్రలు పొలం మధ్యలో ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పాతితే పక్షులు బుషింగుల మీద వాలడం అలవాటు చేసుకుంటాయి. కాకి, ఉడుత, తొండ, పాము, ఏది రెండు ఫేజులకు తగిలినా ఫీజు పోతుంది, దాని ప్రాణమూ పోతుంది.

లైన్‌మన్ అన్నకు చెప్పాల్సినవి

పైన ఉండే కారణాలు కొన్ని ఉన్నాయి. తీగ కట్టేటప్పుడు గాటు పడటం, బోల్టు వదులై అక్కడ వేడెక్కడం, ట్రాన్స్‌ఫార్మర్ సైజుకు తగని తీగ, పగిలిన బుషింగ్, పిడుగుకు దెబ్బతిన్న అరెస్టర్, ఎండకాలంలో పొడిబారిన ఎర్త్ గుంత. రాత్రి పూట దూరం నుంచి చూస్తే ఎక్కడైనా నిప్పురవ్వలు కనబడుతున్నాయా, చిటపట శబ్దం వస్తోందా గమనించండి. "ఫీజు పోయింది" అని మాత్రమే చెప్పకుండా, "ఎడమ ఫేజే మూడుసార్లు పోయింది, వాన పడ్డప్పుడే పోతున్నది" అని చెబితే ఆయనకు కారణం దొరకడం సులువు. తేదీ, సమయం ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి.

మూడింటిలో ఒక్కటే పోతే

ఇది ఇంకా మోసం. పైన ఒక హెచ్‌జీ ఫీజు పోతే కింద కరెంటు పూర్తిగా పోదు. మోటర్లు ఆపి ఉన్నప్పుడు చూస్తే ఒక ఫేజు బల్బు నిండుగా, రెండు ఫేజులవి మసకగా వెలుగుతాయి. అట్లా కనబడితే మోటర్ వేయొద్దు. గుంయ్ అని మూలుగుతూ చుట్టలు కాలిపోతాయి. స్టార్టర్‌లో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఉంటే ఈ నష్టం తప్పుతుంది.

ఎక్కొద్దన్నా, ఎక్కొద్దు

ఏబీ స్విచ్ దించినా మూడు బ్లేడుల్లో ఒకటి విడిపోకుండా అంటుకొని ఉండవచ్చు. కింద నుంచి చూస్తే తెలియదు. పోయిన ఫీజు వైపు కూడా ట్రాన్స్‌ఫార్మర్ చుట్టల గుండా కరెంటు తిరిగి రావచ్చు. 11,000 వోల్టులు దగ్గరికి పోయినా గుంజుకుంటాయి, ముట్టుకోనక్కర్లేదు. ఎండు కర్ర, రబ్బరు చెప్పులు దాన్ని ఆపలేవు. ఆ పని ఎల్‌సీ తీసుకొని, డిశ్చార్జ్ రాడ్ వేసి సిబ్బందే చేయాలి.

ఫిర్యాదుకు 1912. పనితీరు ప్రమాణాల ప్రకారం గ్రామాల్లో ఫీజు 12 గంటల్లో వేయాలి, కాలిన ట్రాన్స్‌ఫార్మర్ 48 గంటల్లో మార్చాలి. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి, అది మన హక్కు. ఎన్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం మనకు దగ్గర్లో, హనుమకొండలోనే ఉంది.

వంతు పెట్టుకుందాం

మన ఓరుగల్లు ప్రాంతం చెరువుల సీమ. చెరువు కింద నీటికి వంతు ఉండేది, వంతు చూసే నీరటి ఉండేవాడు. ట్రాన్స్‌ఫార్మర్‌కు కూడా అట్లాంటి వంతు కావాలి. నలుగురు రైతులు కూర్చొని, ఇద్దరు పొద్దున, ఇద్దరు మధ్యాహ్నం అని మాట్లాడుకుంటే లోడ్ సగమవుతుంది. 32 ఆంపియర్లు 16 అవుతాయి.

ఇది ప్రకృతి సేద్యం చేసేవారికి ఇంకా తేలిక. ఆచ్ఛాదన ఉన్న మడిలో తడి తొందరగా ఆరదు. వాఫస అంటే వేరు దగ్గర తేమ, గాలి రెండూ ఉండటం కాబట్టి మనం మడి నింపి పెట్టాల్సిన పని లేదు. మోటర్ నడిచే గంటలు తగ్గుతాయి. గంటలు తగ్గితేనే పక్కవారికి వంతు ఇవ్వగలం.

ఈ యాసంగి నాట్లకు ముందే ఒక పూట మీ ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులందరూ కలవండి. ఎన్ని మోటర్లు, ఎన్ని హెచ్‌పీ, ఎవరి స్టార్టర్‌లో ఆటో ఉంది, ఎవరి కెపాసిటర్ ఉబ్బింది అని ఒక కాగితం మీద రాయండి. హెచ్‌పీలన్నీ కలిపితే ట్రాన్స్‌ఫార్మర్ కేవీఏ కంటే ఎక్కువ వస్తుంటే, ఆ కాగితంతోనే అందరూ కలిసి ఏఈ గారి దగ్గరికి పోయి అదనపు ట్రాన్స్‌ఫార్మర్ అడగండి. ఒక్కరు పోయి అడిగినదానికంటే నలుగురి సంతకాలకు విలువ ఎక్కువ.